సైకిల్ సందేహాలు: టైరు ఎక్కనంటోంది, కార్బన్ చక్రాలు కొననా?

ప్రశ్న: మాస్టారూ, నాది డిస్క్ బ్రేకుల రోడ్ సైకిల్. నా బరువు 70 కిలోలు. రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్లొస్తాను, నెలకోసారి అనంతగిరి ఘాట్ ఎక్కుతాను. కార్బన్ చక్రాల కోసం 45 వేలు దాచుకున్నాను. చైనా కంపెనీలవి ఆన్‌లైన్‌లో చాలా కనబడుతున్నాయి. రిమ్ అంచుకి హుక్ ఉన్నవి మంచివా, లేనివి మంచివా తేల్చుకోలేకపోతున్నాను. ఇంకో భయం కూడా ఉంది. పోయిన వారం, ఇప్పుడున్న అల్యూమినియం రిమ్‌కి కొత్త 28 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ రెడీ (ట్యూబు లేకుండానూ వాడగల) టైరు ఎక్కించబోతే టైరు అంచు ఎత్తే రెండు లివర్లు విరిగాయి, లోపల ట్యూబు చిరిగింది. ఖరీదైన చక్రాల మీద, అదీ ఘాట్ రోడ్డులో ఇలా అయితే నా గతేమిటి?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ముందు టైరు సంగతి చూద్దాం. మీరు చక్రాలు కొన్నా కొనకపోయినా ఈ పని చేతికి రావాలి. పైగా ఏ చక్రం కొనాలన్నది కూడా సగం ఇక్కడే తేలుతుంది.

టైరు అంచులో బీడ్ ఉంటుంది. మడత టైర్లలో అది అరామిడ్ దారం. ఎంత బలంగా లాగినా అది సాగదు, సాగకూడదు కూడా. సాగితే గాలి కొట్టగానే టైరు ఊడిపోతుంది. రిమ్ మీద బీడ్ కూర్చునే చోటు వ్యాసం 622 మిల్లీమీటర్లు. రిమ్ గోడ దానికంటే ఎత్తు. సాగని బీడ్ ఆ గోడ దాటాలంటే ఉన్న దారి ఒక్కటే, రిమ్ నడుమ ఉండే గాడి. బీడ్ ఒకవైపు ఆ గాడిలోకి దిగితేనే రెండోవైపు వదులు వస్తుంది. ఇరవై రెండేళ్లు రైల్వేలో ఫిట్టర్‌గా చేశాను. అక్కడ చక్రాన్ని ఇరుసు మీదికి టన్నుల బలంతో ప్రెస్ చేసి ఎక్కించేవాళ్లం. సైకిల్ టైరు పని అలాంటిది కాదు. ఇక్కడ బలం పెట్టాల్సి వస్తోందంటే బీడ్ ఎక్కడో గాడిలో లేదన్నమాట.

మీరు ముందుగా చూడాల్సింది రిమ్ టేపు. లెక్క సులువే: వ్యాసార్థంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చుట్టుకొలతలో ఆరు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. గాడిలో మందపాటి గుడ్డ టేపు గానీ, రబ్బరు పట్టీ మీద ఇంకో పట్టీ గానీ ఉంటే మీకు రావాల్సిన వదులంతా అదే తినేస్తుంది. మా షెడ్డుకి "ఈ టైరు ఎక్కదు" అంటూ వచ్చే చక్రాల్లో చాలావాటికి టేపు మార్చడమే మందు. పాతది పీకి, గాడిని స్పిరిట్‌తో తుడిచి, సన్నటి ట్యూబ్‌లెస్ టేపు బిగుతుగా ఒక చుట్టు వేయండి. స్పోకు రంధ్రాలన్నీ మూసుకోవాలి.

రెండోది, ఎక్కడ మొదలుపెట్టాలన్నది. చాలామంది వాల్వు దగ్గర మొదలుపెట్టి దాని ఎదురుగా ముగిస్తారు. నేనూ చిన్నప్పుడు పంక్చర్ షాపులో అలాగే నేర్చుకున్నాను, తర్వాత మానుకున్నాను. వాల్వు ఉన్నచోట ట్యూబు మొదలు అడ్డం ఉంటుంది కాబట్టి బీడ్ అక్కడ గాడిలోకి దిగదు. అందుకే ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి.

టైరు ఒక అంచు చేత్తోనే ఎక్కుతుంది. ట్యూబుకి గుండ్రంగా నిలిచేంత గాలి పెట్టి లోపల సర్దండి. ఇప్పుడు వాల్వుకి ఎదురుగా రెండో అంచు ఎక్కిస్తూ రెండు చేతులూ చెరోవైపు కిందికి తీసుకురండి. చివర జానెడు మిగిలి బిగుసుకుంటుంది. మీ లివర్లు విరిగింది అక్కడే అయి ఉంటుంది. అక్కడ ఆగండి. ట్యూబులో గాలంతా తీసేయండి. మళ్లీ ఎదురుగా పైకి వెళ్లి, టైరు రెండు అంచుల్నీ వేళ్లతో దగ్గరికి నొక్కి గాడిలోకి తోస్తూ, ఆ వదులును రెండువైపుల నుంచి వాల్వు దగ్గరికి లాక్కురండి. ఒక్కసారి చాలదు, రెండు మూడు సార్లు చేయండి. వచ్చిన వదులు వెనక్కి జారకుండా చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకోండి. మిగిలిన అంచుకి సబ్బు నీళ్లు రాసి అరచేతి మొదలుతో కొంచెం కొంచెంగా దొర్లించండి. అది ఎక్కాక వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే కింద ఇరుక్కున్న ట్యూబు పైకి లేస్తుంది.

అప్పటికీ ఎక్కకపోతే బీడ్ జాక్ వాడండి. అవతలి రిమ్ అంచుకి ఆనించి, ఇవతలి బీడ్‌ని అందుకుని పైకి తెచ్చే పొడుగు ప్లాస్టిక్ పనిముట్టు అది. ట్యూబు జోలికి పోదు కాబట్టి లివర్ కంటే మేలు. లివరే వాడాల్సి వస్తే ప్లాస్టిక్‌ది, ఒక్కోసారి రెండు వేళ్ల వెడల్పు మాత్రమే ఎత్తాలి. ఇనుప లివర్ కార్బన్ రిమ్‌కి తాకించవద్దు. ఏళ్ల కిందట తొందరలో ఒక కుర్రాడి రిమ్ అంచుని నేనే అలా చిట్లగొట్టాను. కొత్తది నా డబ్బుతో తెప్పించి ఇచ్చాను. ఆ అంచు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

గాలి కొట్టేముందు టైరుని రెండువైపులా పక్కకి నొక్కుతూ చక్రం చుట్టూ చూడండి. ట్యూబు ఎక్కడా అంచు కింద కనబడకూడదు. తర్వాత కొంచెం గాలి పెట్టి, టైరు పక్కన ఉండే సన్నని గీత రిమ్‌కి చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. టైరు తీసేటప్పుడూ ఇంతే, ముందు చుట్టూ గాడిలోకి తోసి ఆ తర్వాతే లివర్ పెట్టాలి. ఇంట్లో ఒక ఆదివారం నాలుగైదు సార్లు ఎక్కించి తీయండి. కొత్త టైరుని విప్పి పూట సేపు ఎండలో పెడితే బీడ్ సాగదు గానీ మడతలు పోయి, రబ్బరు మెత్తబడి మాట వింటుంది.

ఇప్పుడు చక్రాలు. రిమ్ గోడ పైఅంచు లోపలికి చిన్న పెదవిలా వంగి ఉంటే అది హుక్. గోడ నిటారుగా ఉంటే హుక్‌లెస్. హుక్‌లెస్ రోడ్ రిమ్ మీద ట్యూబ్‌లెస్ రకం టైర్లే వేయాలి, అవీ రిమ్ కంపెనీ ఒప్పుకున్నవే వేయాలి. గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. ట్యూబ్‌లెస్ టైర్ల బీడ్ బిగుతుగా ఉండటం మామూలు. మీరు వాడేది ట్యూబు. ట్యూబుతో నడిచే మామూలు క్లించర్ టైర్లు సాధారణంగా సులువుగా ఎక్కుతాయి, కానీ వాటికి హుక్ ఉన్న రిమ్ కావాలి. అందుకే మీకు నా సలహా హుక్ ఉన్నదే. మీ బరువుకి 28 టైరులో 65–70 పీఎస్ఐ పెడతారు కదా, పంపు గేజీ కాస్త తప్పు చూపినా హుక్‌లెస్ హద్దు తగిలేస్తుంది. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ సైకిల్ రేసులో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయినప్పుడు, హుక్‌లెస్ రిమ్ మీంచి టైరు ఊడి వేలాడిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. అక్కడున్నది 25 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు రిమ్ మీద 28 టైరు. ఆ జోడీ సరైనదేనా అని నిపుణులే వాదించుకున్నారు. మనకెందుకు ఆ టెన్షన్?

రిమ్ లోపలి వెడల్పు 21 మిల్లీమీటర్లు ఉంటే 28 టైరుకి చక్కగా సరిపోతుంది. రిమ్ లోతు 40 మిల్లీమీటర్ల చుట్టుపక్కల చాలు. భీమిలి దారిలో సముద్రం మీంచి అడ్డగాలి కొడితే ముందు చక్రం 50 లోతుది హ్యాండిల్‌ని లాగుతుంది. మీ ఫ్రేమ్‌కి త్రూ యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూర్చి బిగించే ఇరుసు) ముందు 12×100, వెనక 12×142 కొలతలేనా, డిస్క్ సెంటర్‌లాక్‌దా (మధ్యలో ఒకే రింగుతో బిగించేది) ఆరు బోల్టులదా, వెనక ఫ్రీహబ్ (గేర్ల పళ్లచక్రాలు ఎక్కే భాగం) షిమానోదా శ్రామ్‌దా — ఇవి రాసిపెట్టుకుని ఆర్డర్ చేయండి.

కంపెనీల సంగతికొస్తే విన్‌స్పేస్, ఎలైట్‌వీల్స్, ఫార్‌స్పోర్ట్స్, లైట్ బైసికిల్ లాంటివి నేరుగా అమ్ముతున్నాయి. పేరు కంటే విడిభాగాలు ముఖ్యం. హబ్‌లో ఏ నంబరు బేరింగులున్నాయో అడగండి. 6902 లాంటివైతే సికింద్రాబాద్ రాణీగంజ్ బేరింగ్ షాపుల్లో కూడా దొరుకుతాయి. స్పోకులు స్టీలువే తీసుకోండి, స్పోకుల్ని బిగించే నిపుళ్లు రిమ్ బయటికి ఉండాలి. అప్పుడు చక్రం బెండు తీయడానికి టైరు విప్పక్కర్లేదు. కార్బన్ స్పోకులు తేలికే, కానీ ఒకటి తెగితే మరొకటి వచ్చేదాకా సైకిల్ మూలన పడుతుంది. ఆర్డరుతోపాటే ఒక్కో పొడుగులో రెండేసి స్పోకులు అదనంగా తెప్పించండి. పొడుగు వాల్వు ట్యూబులు మర్చిపోకండి, ఇప్పుడున్నవి 40 లోతు రిమ్ దాటకపోవచ్చు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) ఆమోదించిన చక్రాల జాబితా అందరికీ అందుబాటులోనే ఉంది. మీరు చూసిన మోడల్ అందులో ఉంటే నాకు ధైర్యం ఎక్కువ. 45 వేలలోనే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, రవాణా ఇమడాలి కాబట్టి, చక్రాల ధరే 45 వేలు ఉంటే మీ బడ్జెట్ దాటినట్టే.

ఒక నిజం కూడా చెప్పాలి. చక్రాల జత 300 గ్రాములు తగ్గితే, సైకిల్‌తో కలిపి 80 కిలోల మీద, గంటసేపు ఎక్కే ఘాట్‌లో మిగిలేది 13 సెకన్లు. సమతల రోడ్డు మీద లోతు రిమ్ లాభం దీనికంటే బాగా తెలుస్తుంది. మీ దారిలో ఎక్కువ భాగం బీచ్ రోడ్డే కాబట్టి కొనుక్కోండి.

ప్రశ్న: నాది పాత రిమ్ బ్రేకు సైకిల్. సెకండ్ హ్యాండ్ కార్బన్ చక్రాలు 15 వేలకి వస్తున్నాయి. హార్స్‌లీ హిల్స్ తరచూ ఎక్కి దిగుతాను. తీసుకోవచ్చా?
— మదనపల్లె నుంచి ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. మీ బ్రేకు ప్యాడ్లు రిమ్‌నే పట్టుకుంటాయి. కొండ దిగుతూ ఆపకుండా బ్రేకు వేస్తే కార్బన్‌ని పట్టి ఉంచే రెజిన్ వేడికి మెత్తబడుతుంది. లోపలి గాలి రిమ్ గోడల్ని బయటికి తోస్తుంది. పాత చక్రం ఇంతకుముందు ఎంత వేడి తిన్నదో ఎవరు చెబుతారు? ఆ 15 వేలతో మంచి అల్యూమినియం చక్రాలు, కొత్త ప్యాడ్లు, మంచి టైర్లు తీసుకోండి.

ఊళ్లో చదును రోడ్ల మీదకే కొందామనుకుంటే మాత్రం, చూడ్డానికి వెళ్లేటప్పుడు దూది ముక్క పట్టుకెళ్లండి. రిమ్ అంచుల వెంట చుట్టూ తుడిస్తే, చిట్లిన పోగు ఉన్నచోట దూది పట్టుకుంటుంది. రూపాయి బిళ్లతో చుట్టూ తట్టండి. మోత ఒక్కసారిగా మొద్దుబారిన చోట లోపల పొర విడిపోయి ఉండొచ్చు. బ్రేకు పట్టే చోట వేలితో తడిమి ఉబ్బు తగిలితే బేరం ఆడకుండా తిరిగి వచ్చేయండి.