తట్టుకునే రకానికే అగ్గి తెగులు ఎందుకొస్తోంది?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. అగ్గి తెగులు తట్టుకుంటుందన్న వరి రకమే దాళ్వాలో (రబీలో) వేస్తున్నాం. మొదట్లో బాగుండేది, ఇప్పుడు నారుమడి నుంచే మచ్చలు. విత్తనం పాడైందా అండీ? – ఓ రైతు

జవాబు: మచ్చ నూలుకండె ఆకారంలో, మధ్యన బూడిదరంగు, చుట్టూ గోధుమరంగు అంచుతో ఉంటే అగ్గి తెగులే. గుండ్రంగా, నువ్వుగింజలా ఉంటే అది గోధుమ మచ్చ తెగులు, దాని వైద్యం వేరు. విత్తనంలో కల్తీ లేకపోతే రకం తన గుణం పోగొట్టుకోలేదు. మారింది ఆ తెగులు తెచ్చే బూజు (శిలీంధ్రం).

తట్టుకునే రకాల్లో చాలావాటికి ఒక్క జన్యువే కాపలా. పీఐ-టా జన్యువునే తీసుకోండి. బూజు తయారుచేసే ఏవీఆర్-పీటా ప్రొటీన్‌ను గుర్తుపడితేనే మొక్క తెగులును అక్కడికక్కడ ఆపుతుంది. ఆ ప్రొటీన్ జన్యువు కొన్ని బూజుల్లో మూడో క్రోమోజోమ్ కొసనే ఉంటుంది. కొస తెగినా బూజు బతుకుతుంది, పైగా మొక్క దాన్ని గుర్తుపట్టలేదు. ఇంకో దారి 2001లో వెల్లడైంది: జన్యుపదార్థంలో చోటు మారుతూ దూకే పాట్3 అనే ముక్క (ట్రాన్స్‌పోజాన్) ఆ జన్యువును నడిపించే భాగంలో చొరబడి దాన్ని పనిచేయనివ్వలేదు.

పాట్2, మ్యాగీ వంటి ఇలా దూకే ముక్కల నకళ్లు బూజు ఏడు క్రోమోజోముల మీదా చెల్లాచెదురుగా ఉంటాయి. ఒకేలాంటి రెండు నకళ్లు పొరపాటున జతపడితే మధ్య భాగం ఊడిపోతుంది, లేదా క్రోమోజోములు కొసలు మార్చుకుంటాయి. ముఖ్యమైన జన్యువులున్నచోట తెగితే ఆ బూజు చస్తుంది. కొసల్లోనో, కొన్నిటికి అదనంగా ఉండే చిన్న క్రోమోజోముల్లోనో తెగితే బతికి, వేలకొద్దీ బీజాలు (స్పోర్లు) విడుస్తుంది. ఆయకట్టంతా ఒకే రకమైతే వాటికి అడ్డేముంది? అందుకే పీఐ2, పీఐ54 వంటి రెండు జన్యువులు కలిసున్న రకం దొరికితే అదే వేయండి, ఊళ్లో రకాలు మార్చి వేసుకోండి.

కిలో విత్తనానికి లీటరు నీటిలో గ్రాము కార్బెండజిమ్ కలిపి, 24 గంటలు నానబెట్టి మండె కట్టండి (మొలకెత్తడానికి మూటగట్టండి). మచ్చ కనబడగానే యూరియా ఆపేసి, లీటరు నీటికి ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి 0.6 గ్రాములు గానీ ఐసోప్రోథయోలేన్ 1.5 మి.లీ. గానీ కలిపి, ఎకరాకు 200 లీటర్లు కొట్టండి. రాత్రిళ్లు 20 డిగ్రీలకు దిగి తెల్లారి మంచు పడుతుంటే, మెడవిరుపు (వెన్ను మెడకు సోకే అగ్గి తెగులు) రాకుండా వెన్ను బయటపడే ముందే కొట్టాలి. మెడ నల్లబడ్డాక కొట్టే మందు దండగే, ఆ వెన్ను తాలే.

ప్రశ్న: ల్యాబ్‌లో పదేపదే తిరగ పెంచిన అగ్గి తెగులు బూజు మొక్కకు తెగులు తేవడం లేదు. – ఓ వ్యవసాయ విద్యార్థిని

జవాబు: మొక్క అవసరం లేని చోట తెగులు తెచ్చే గుణం పోయినా బూజుకు నష్టం లేదు, అందుకే పోతుంది. ఒకే బీజం నుంచి వచ్చిన కల్చర్‌ను స్టెరిలైజ్ చేసిన ఫిల్టర్ పేపర్ ముక్కల మీద పెంచి, బాగా ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. తడి మిగిలితే బూజు నిలవదు. ప్రతి ప్రయోగమూ ఆ ముక్క నుంచే మొదలుపెట్టండమ్మా.