బరువు తగ్గడానికి పౌడరే తాగాలా, ఇంటి తిండితో తగ్గలేమా?

ఆదోని నుంచి అడిగిన చెల్లికి రాస్తున్నా. నీకు 34 ఏళ్ళు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 79 కిలోలు. ఇంట్లో అత్తామామలతో కలిపి ఆరుగురికి నువ్వే వండాలి, జిమ్ముకు పోయే వీలు లేదు, తెలిసినామె ఒకరు నెలకు ఏడు వేలయ్యే పౌడరు తాగమంటోంది, తాగాలా వద్దా అని అడిగావు. నాకంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోవద్దు.

పౌడరు వద్దు. ఒక పూట అన్నం మానేసి దాని బదులు అది తాగిస్తారు, ఆ పూట క్యాలరీలు తగ్గుతాయి కాబట్టి బరువూ తగ్గుతుంది, అంతకంటే అందులో మహిమేమీ లేదు. మానేసి మళ్ళీ మామూలు తిండికి వచ్చిన రోజు నుంచి పోయిన కిలోలు తిరిగి రావడం మా వీధిలోనే చూశాను. ఏడు వేలంటే మన ఇళ్ళల్లో నెల సరుకులు!

మాది అనంతపురం. నేను 82 కిలోలుండేదాన్ని, ఇప్పుడు 68. ఏడాది పైనే పట్టింది. జొన్నరొట్టె, సంగటి, పప్పు, చారు, పెరుగన్నం, ఇవే తిన్నాను, వేరే వంట ఏదీ చేసుకోలేదు. అసలు చెప్పాల్సింది ఇదే. ఇంటిల్లిపాదికీ ఒక వంట, నీకొక్కదానికి ఓట్సూ సలాడూ అంటే రెండు వారాలకే విసుగొస్తుంది. నీకోసమని వేరే గిన్నె పెట్టకు, అందరూ తినే ఆ గిన్నెలోనే మార్పు తీసుకురా.

అందులో మొదటిది నూనె. మన వైపు చెనిక్కాయ నూనె చెయ్యి జారినట్టే పోస్తాం, తాళింపు ఘాటుగా ఉండాలి, వంకాయ కూర మీద నూనె తేలాలి, దోశ చుట్టూ పోయాలి, ఉగ్గాని చేస్తే పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఊరుకోరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 క్యాలరీల తిండికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలన్నారు. ఆ లెక్కన ఆరుగురికి నెలకు ఐదు లీటర్లు దాటకూడదు, పిల్లలున్నారు కాబట్టి ఇంకా తక్కువే సరిపోతుంది. మా ఇంట్లో ఐదుగురికి ఏడు లీటర్లు అయ్యేది. నెల మొదట్లో నాలుగు లీటర్లు మాత్రం డబ్బాలోకి పోసి, నెలాఖరుదాకా అందులోంచే వాడాలి అని పెట్టుకున్నాం. పోపుకు చెంచాతోనే పోయడం అలవాటైంది. ఆ మూడు లీటర్ల తేడా మనిషికి రోజుకు 18 గ్రాములు, అంటే 160 క్యాలరీల పైచిలుకు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలంటారు, కాబట్టి ఇంకేమీ మార్చకపోయినా ఇదొక్కటే ఏడు వారాలకు ఒక కిలో దాకా లెక్కకొస్తుంది. మా ఆయనకు, మా అత్తకు కూడా ఎవరూ ఏమీ చెప్పకుండానే కొంత తగ్గింది. మొదటి వారం కూర చప్పగా ఉందన్నారు, అప్పుడు వెల్లుల్లి, ఎండుమిరప కాస్త ఎక్కువ వేసి సర్దాను.

ఇక అన్నం బదులు రాగులు, కొర్రలు తింటే సన్నబడతారనే మాట. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు, అందుకే గట్టిగా చెప్తున్నా. బియ్యంలోనైనా రాగిపిండిలోనైనా జొన్నపిండిలోనైనా 100 గ్రాములకు క్యాలరీలు 320, 360 మధ్యనే ఉంటాయి. రాగిలో కాల్షియం, పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, ఆకలి ఆగుతుంది, అదీ దాని లాభం. కానీ రెండు పెద్ద ముద్దలు సంగటి, దాని మీద నెయ్యి, పక్కన చెనిక్కాయ చట్నీ అంటే బరువు తగ్గే దారి కాదు. నేను సంగటి ఒక ముద్దే, మధ్యాహ్నం మాత్రమే తింటాను. కూర మాత్రం అన్నమంత పెట్టుకుంటాను. బీరకాయ, సొరకాయ, గోంగూర పప్పు ఏదైనా సరే, పళ్ళెంలో ముందు కూర పెట్టుకుని తర్వాత అన్నం పెట్టుకుంటే అన్నం దానంతట అదే తగ్గుతుంది. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, పప్పు. చెనిక్కాయలు మంచివే, మానొద్దు, అయితే 100 గ్రాములకు 560 క్యాలరీలు దాటతాయి కాబట్టి టీవీ ముందు పళ్ళెం పెట్టుకుని ఒలుచుకుంటూ కూర్చోవద్దు, గుప్పెడు తీసుకుని మిగతావి లోపల పెట్టేయ్. సాయంత్రం ఆకలికి నాకు బాగా పనికొచ్చింది ఉలవ గుగ్గిళ్ళు. ఉలవల్లో ప్రోటీను 22 శాతం దాకా ఉంటుంది, ఒక కప్పు తింటే రాత్రి భోజనం దాకా వేరేదాని మీదికి మనసు పోదు. ఉడికించిన నీళ్ళతో చారు.

ఇప్పుడు ఆడవాళ్ళకు మాత్రమే అర్థమయ్యేది ఒకటి. పిల్లలు సగం తిని వదిలిన దోశ, గిన్నె అడుగున మిగిలిన చిత్రాన్నం, పారేయడానికి చెయ్యి రాక మనమే తింటాం. అందరూ తిన్నాక రాత్రి పదింటికి మనం కూర్చుంటాం, అప్పటికి ఆకలి మండిపోతూ ఉంటుంది, ఎంత తిన్నామో తెలియదు. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు, డైటు చార్టు రాసిచ్చేవాళ్ళు అసలే వేయరు. పిల్లలకు సగం దోశే వెయ్యి, అడిగితే ఇంకో సగం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టు. ఎనిమిదింటికల్లా వాళ్ళతో పాటే నువ్వూ కూర్చుని తిను. మీ ఇంట్లో కోడలు ముందు తినడం మీ అత్తకు నచ్చకపోవచ్చు, ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకో. నీ ఆరోగ్యం కోసం ఈ ఒక్క మాట ఇంట్లో నోరు తెరిచి అడుగమ్మా, ఇందులో తప్పేమీ లేదు.

టీలో చక్కెర రెండు చెంచాల నుంచి అరచెంచాకు, మెల్లగా.

నడక విషయానికొస్తే, ఇంటి పని చేస్తున్నాం కదా ఇంకేం వ్యాయామం అనుకుంటాం, అలుపొస్తుంది నిజమే, కానీ గుండె వేగం పెరిగి చెమట పట్టేంతగా ఆగకుండా చేసే పని అందులో తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే వారంలో ఐదు రోజులు అరగంట. నేను పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడుస్తాను, పక్కింటామె తోడు. తోడుంటే ఎగ్గొట్టలేం, ఆమె గేటు దగ్గర నిలబడి ఉంటుంది కదా. ఎండాకాలం మన వైపు 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఐదున్నరకే బయల్దేరాలి, కుదరని రోజు రాత్రి మిద్దె మీద. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగంగా నడవాలి. నడక ఒక్కటే చాలదు, తిండి తగ్గించినప్పుడు కండ కూడా కరుగుతుంది, దాన్ని కాపాడుకోవాలి. దానికి కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టడం, ఒక్కోటి పదిసార్లతో మొదలుపెట్టు. మోకాళ్ళ నొప్పులుంటే కాస్త ఎత్తు కుర్చీ తీసుకో.

బరువు వారానికి ఒకసారి, పొద్దున్నే ఏమీ తినకముందు చూసుకో. మొదటి వారం రెండు కిలోలు తగ్గినా సంబరపడొద్దు, అది చాలావరకు నీరే. నెలసరికి ముందు కిలో పెరిగినా టెన్షన్ పడొద్దు, అదీ నీరే. వారానికి అరకిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే లెక్క, ఒక్కోసారి మూడు నాలుగు వారాలు ముల్లు కదలదు, అప్పుడు టైలరు టేపుతో నడుము కొలుచుకో. మన ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు.

పండగలు మానొద్దు. ఉగాదికి ఓళిగ ఒకటి, నెయ్యి వేసుకునే తిను.

నీకు జుట్టు రాలడం, నీరసం, నెలసరి సరిగ్గా రాకపోవడం ఉంటే ముందు ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకో. మీ అత్తకు షుగరుందని, మాత్రలు వాడుతున్నారని రాశావు కదా, ఇంటి వంట మారితే ఆమె తిండీ తగ్గుతుంది, అదే మోతాదు మాత్ర వేసుకుంటే కొందరికి షుగరు మరీ పడిపోతుంది, కాబట్టి ఆమె సంగటి ముద్ద తగ్గించేముందు డాక్టరును ఒక మాట అడగండి.