తొడ బయటివైపు మొద్దుబారితే నరం బ్లాక్ అయినట్టేనా?

కుడి తొడ బయటివైపు అరచేయంత మేర మొద్దుబారి మండుతోంది, నరం బ్లాక్ అయిందని ఇంట్లో భయపెడుతున్నారు, నిజమేనా అని అడిగారు. రెండేళ్ల కిందట అచ్చంగా ఇదే నాకూ వచ్చింది.

అసలు తంటా అంతా ‘నరం’ అనే మాటతోనే. సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటాం, అది సిర, అంటే రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే గొట్టం. ‘నరాల డాక్టర్’ అన్నప్పుడు నరమంటే నాడి, అంటే స్పర్శ, కదలికల సంకేతాలు మోసే తీగ. ఈ గందరగోళంలో రక్తం గడ్డ కట్టిందేమోనని వారం రోజులు టెన్షన్ పడి, రక్తం సరిగ్గా పారుతోందా లేదా చూసే డాప్లర్ స్కాన్ చేయించాను. నార్మల్!

తర్వాత చూసిన న్యూరాలజిస్ట్ నా వేళ్లనే గజ్జ మడత మధ్యలో పెట్టి అదమమన్నారు. లోపల టకటకా కొట్టుకుంటోంది. అది తొడ ధమని, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టం. గజ్జలోంచి యాంజియోగ్రామ్ చేస్తే గుచ్చేది దాన్నే. వెనకాల తుంటి కీలులోని తొడ ఎముక గుండు ఉంటుంది కాబట్టి, పని అయ్యాక దాని మీదికి అదిమిపట్టి రక్తం ఆపుతారట. ధమనికి లోపలివైపు సిర, బయటివైపు ఫెమోరల్ నాడి. ధమనీ సిరా ఒకే పల్చటి తొడుగులో ఉంటాయి, నాడి మాత్రం ఆ తొడుగు బయట.

‘మీ బాధ ఈ మూడింటిదీ కాదు’ అంటూ నడుం ముందు పక్కన పొడుచుకొచ్చే ఎముక మొన దగ్గర వేలితో తట్టారు. తొడ పొడవునా జివ్వుమంది! అక్కడ గజ్జ లిగమెంటు (గజ్జ మడత వెంబడి ఉండే గట్టి పట్టీ) కింద నుంచి ఒక సన్నటి నాడి తొడ చర్మంలోకి వెళ్తుంది. స్పర్శ తెలపడమే దాని పని, కండరాలతో సంబంధం లేదు. సరిగ్గా దాని మీదే నా బెల్టు. పొట్ట పెరిగినా పాత రంధ్రానికే బిగించేవాణ్ణి మరి. ఆ నాడి ఇలా నొక్కుకుపోయి వచ్చే బాధ పేరు మెరాల్జియా పారస్థెటికా. మనోవిశ్లేషణకు ఆద్యుడైన డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్‌కీ ఇదే ఉండేది, 1895లో తన బాధ గురించి తానే వ్యాసం రాసుకున్నాడు.

మీరు కూడా బెల్టు, బిగుతు జీన్స్ మానేసి చూడండి, కానీ ఒకసారి డాక్టరుకు చూపించండి. మెట్లెక్కుతుంటే మోకాలు మడతపడిపోవడం, ఒక్క కాలే వాచి వేడిగా ఉండడం, పాదం చల్లబడి పాలిపోవడం లాంటివి ఉంటే మాత్రం ఈ కథ వర్తించదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

నాకు బెల్టు వదిలి, ఆరు కిలోలు తగ్గాక మూడు నెలల్లో మంట పోయింది. రూపాయి బిళ్లంత చోట మాత్రం ఇప్పటికీ వేన్నీళ్లు పోసుకుంటే వేడి తెలియదు.