రేడియేటర్ వ్యాసం పంపిన తమ్ముడికి

నల్లగొండ

తమ్ముడూ,

మిర్యాలగూడ నుంచి నువ్వు పంపిన వ్యాసం, అదే వేడినీళ్లు పారించి గదిని వెచ్చబెట్టే రేడియేటర్ల మీద రాసింది, చదివాను. ఇంగ్లండులో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల కోసం రాశానన్నావు, సంతోషం. మే నెలలో కూలర్ ముందు కూర్చుని గది వెచ్చబెట్టుకునే సంగతి చదవడం నాకు వినోదంగానే ఉంది.

కానీ "ఈ రేడియేటర్ 2,000 వాట్ల వేడి ఇస్తుంది" అన్న నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎప్పుడు ఇస్తుంది? బోరు మోటారు కొనే మన రైతు గంటకు ఎన్ని నీళ్లు పోస్తుందని అడిగి ఊరుకోడు, ఎన్ని అడుగుల లోతు నుంచి అని కూడా అడుగుతాడు. నీ పాఠకుడికి ఆ రెండో ప్రశ్న తట్టదు. తట్టించాల్సింది నువ్వే.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 442 పరీక్షలో నీళ్లు 75 డిగ్రీల సెల్సియస్‌తో రేడియేటర్‌లోకి వెళ్లి 65తో బయటికి వస్తాయి, గది 20 దగ్గర ఉంటుంది. నీటి సగటు 70, గదితో తేడా 50. కేటలాగులో ‘డెల్టా టీ 50’ అని చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే. బయటి గాలిలోంచో నేలలోంచో వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంపు ఉన్న ఇంట్లో నీళ్లు 45తో వెళ్లి 35తో తిరిగొచ్చాయనుకో. తేడా 20కి పడిపోతుంది. అయిదింట రెండు వంతులే కదా, 800 వాట్లు వస్తాయని లెక్కేస్తావు. రావు, 600 చిల్లరే వస్తాయి. రేడియేటర్ వేడిలో చాలా భాగాన్ని గదిలోకి మోసేది పైకి లేచే గాలి. లోహం చల్లబడితే ఆ గాలి కదలికా మందగిస్తుంది. అందుకే తేడాల నిష్పత్తికి దాదాపు 1.3 ఘాతం వేస్తారు. సూత్రం రాయకపోయినా ఫరవాలేదు, ఈ లెక్క మాత్రం చేసి చూపించు.

పాత కేటలాగుల్లో తేడా 60 దగ్గర కొలిచిన అంకెలుంటాయి. అదే రేడియేటర్ అక్కడ పావు వంతుకు పైగా ఎక్కువ బలంగా కనిపిస్తుంది. రెండు కంపెనీల సరుకు పోల్చే పేరాలో ఇది తప్పక చేర్చు.

వేడిని కొలిచే బ్రిటిష్ కొలత బీటీయూ రాసిన ప్రతిచోటా ‘గంటకు’ వదిలేశావు. కంపెనీలూ వదిలేస్తాయి, అది నీకు సాకు కాదు. ఒక కిలోవాట్ అంటే గంటకు సుమారు 3,412 బీటీయూలు. మన ఏసీల టన్ను గంటకు 12,000 అని పక్కనే రాస్తే ఇక్కడివాళ్లకూ అందుతుంది.

గది వైశాల్యం చూసి ఇన్ని వాట్లు చాలన్న పేరా తీసెయ్యి. కిటికీలు, గోడలు, బయటి చలి తెలియకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

శీర్షిక బాగుంది, దాని జోలికి పోకు. తేడా 30 దగ్గర ఎన్ని వాట్లో లెక్కగట్టి, తిరగరాసిన ప్రతిలో కలిపి పంపు.

నీ అన్న