మీ ప్రశ్నలు - మా జవాబులు: స్టార్టప్ నిలదొక్కుకునే దాకా ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. ఇంకా రాబడి లేదు. నేను దాచుకున్నది 3 లక్షలు, ఇంటి ఖర్చు నెలకు 60 వేలు. బయటి పని పట్టుకుంటే స్టార్టప్ అటకెక్కుతుందని భయం. పట్టుకోకపోతే ఐదు నెలల్లో చేతులెత్తేయాలి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ముందు కాగితం మీద లెక్క వేయండి. ఖర్చు మొత్తం బయటి పనే తీర్చాలనుకుంటే అది మళ్లీ ఉద్యోగమే అవుతుంది. నెలకు 40 వేలు చేతికొచ్చినా చాలు. అప్పుడు దాచినదాంట్లోంచి తీసేది 20 వేలే కాబట్టి ఐదు నెలల గడువు పదిహేను నెలలవుతుంది.

వారానికి రెండు రోజులు బయటి పనికిస్తే నెలకు ఎనిమిది. మాట్లాడుకోవడానికి, ఎస్టిమేట్లకు, రావలసిన డబ్బు వెంట తిరగడానికి రెండు రోజులు పోతాయి. బిల్లు వేయగలిగేవి ఆరే. పన్నుకూ, పని దొరకని వారాలకూ బిల్లులో ఐదో వంతు పక్కన పెట్టాలి కాబట్టి నెలకు 50 వేల బిల్లు కావాలి. అంటే రోజుకు సుమారు 8,400. అలా కాకుండా పాత జీతం 60 వేలనుకుని, దాన్ని 30తో భాగించి రోజుకు 2 వేలు అడిగారనుకోండి, నెల తిరిగేసరికి వచ్చేది 12 వేలు. మీ పనికి 8,400 పలకదనిపిస్తే, రోజులు పెంచే ముందు పని మార్చి చూడండి. 'ప్రోగ్రామింగ్ చేస్తాను' అంటే రేటు దగ్గర బేరం మొదలవుతుంది. 'పాత సిస్టమ్‌లో ఉన్న సరుకు లెక్కలు ఒక్క ఐటమ్ తేడా రాకుండా కొత్తదాంట్లోకి మారుస్తాను' అంటే అవతలివాళ్లు తమకు తప్పే నష్టంతో పోల్చుకుంటారు.

ఆ రెండు రోజులూ పక్కపక్కనే ఉండాలి. రోజుకు రెండు గంటల చొప్పున విడగొడితే రెండు పనులూ చెడతాయి. సర్వర్ల నిర్వహణ లాంటివి ఒప్పుకోకండి, సర్వర్లు మీ బయటి పని రోజుల్లోనే ఆగిపోవాలని రూలేం లేదు. మొదలూ చివరా ఉన్న పనులు, అంటే డేటా మార్పిడి, రిపోర్టులు, సిబ్బందికి శిక్షణ లాంటివి మీకు నప్పుతాయి. అవి గోదాముల్లోనే దొరికితే మరీ మంచిది. రేపు మీ సాఫ్ట్‌వేర్ కొనాల్సినవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో డబ్బు తీసుకుంటూ చూడొచ్చు.

ఫ్రీలాన్స్ సైట్లు చివరి దారి. రివ్యూలు లేని కొత్తవాళ్లు అక్కడ ధర తగ్గించుకుని పోటీపడాలి. పాత బాసులు, సహోద్యోగులు, సప్లయర్లు కలిపి ముప్పై మంది పేర్లు రాసి, ఒక్కొక్కరికీ విడిగా ఇలా పంపండి: 'నమస్తే అండీ. వచ్చే నెల నుంచి సోమ, మంగళవారాలు బయటి పని తీసుకుంటున్నాను. సరుకు లెక్కలు కొత్త సిస్టమ్‌లోకి మార్చడం, తేడాలు సరిచూడడం నా పని. మీకు గానీ, తెలిసినవాళ్లకు గానీ ఇలాంటిది ఆగిపోయి ఉంటే చెప్పండి.' 'ఏ పనైనా చేస్తాను' అని రాస్తే చదివినవారికి ఎవరూ గుర్తుకు రారు.

మొత్తంలో 40 శాతం అడ్వాన్సు, సగం పనికి 30, అప్పగించే ముందు 30 తీసుకోండి. ఆఖరి వాయిదాను 'క్లయింటు తృప్తి చెందాక' అని రాయనివ్వొద్దు, ఆ రోజు ఎప్పటికీ రాదు. ఏ ఫైలు, ఏ రిపోర్టు అందితే పని పూర్తయినట్టో పేరుపెట్టి రాయండి. ఎస్టిమేట్‌లో ఏవి చేయరో కూడా రాయాలి. 'చిన్న మార్పే కదండీ' అన్నప్పుడు చూపించడానికి అదే ఆధారం.

ప్రశ్న: పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. 'ఉద్యోగ కాలంలో రూపొందించినదంతా కంపెనీదే' అని ఒప్పందంలో ఉంది. సంతకం పెట్టొచ్చా?

జవాబు: అలాగే ఉంటే వద్దు. ఆపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఉద్యోగం చేస్తూనే ఆపిల్-1 కంప్యూటర్ డిజైన్ చేశారు. ముందు ఆ సంస్థకే చూపించి, వాళ్లు వద్దన్నాకే 1976లో ముందుకెళ్లారు. మీరు సంతకానికి ముందే స్టార్టప్ పేరు, అది చేసే పని, ఇప్పటిదాకా రాసిన కోడ్ వివరాలు ఒక అనుబంధంలో పెట్టి, 'ఇవి, వీటికి ఇకపై చేసే మార్పులు ఒప్పందం కిందికి రావు' అని రాయించుకోండి. నోటి మాట చాలదు. తర్వాత పెట్టుబడిదారుల లాయరు అడిగేది ఆ కాగితమే. స్థానిక చట్టాన్ని బట్టి ఈ షరతు బలం మారుతుంది కాబట్టి మీ లాయరుకూ ఒకసారి చూపించండి. ఆఫీసు లాప్‌టాప్‌లో స్టార్టప్ ఫైలు ఒక్కటి కూడా తెరవకండి. మెయిల్, కోడ్ దాచే ఖాతా, పని వేళలు అన్నీ వేరుగా ఉండాలి.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌లోనే తనకు కావలసిన మార్పులు చేస్తే ఒక క్లయింటు డబ్బిస్తానంటున్నారు. తీసుకోవాలా?

జవాబు: అదే మార్పు ఇంకో ముగ్గురు కస్టమర్లకు పనికొస్తుందా అని వాళ్లనే అడగండి. వస్తుందంటే తీసుకోండి, కోడ్ హక్కు మాత్రం మీ దగ్గరే ఉండాలి, క్లయింటుకు వాడుకునే హక్కు చాలు. 2004లో వచ్చిన బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్‌ను 37సిగ్నల్స్ సంస్థ వాళ్లు వెబ్ డిజైన్ పనులు చేస్తూ, ఆ పనుల నిర్వహణ కోసమే తయారుచేసుకున్నారు. ఆ ఇబ్బంది మిగతా డిజైనర్లకూ ఉంది కాబట్టి అమ్ముడైంది. మీరడిగిన ముగ్గురూ పెదవి విరిస్తే ఆ మార్పును ప్రధాన కోడ్‌లో కలపకండి. బయట విడి ప్రోగ్రాముగా రాసి, నిర్వహణకు నెలనెలా రుసుము అడగండి. అది ఇవ్వనంటే పని వదిలేయండి. లేకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కూ ముందు ఆ ఒక్క క్లయింటు ముక్క పగిలిందేమోనని మీరే ఉచితంగా సరిచూస్తూ కూర్చోవాలి.