వైఫై పోయిన ఫోన్, పదహారో నెల

"అక్కా, నేను మెల్‌బోర్న్ వచ్చి ఏడాదిన్నర అయింది. వచ్చిన రెండో నెలలో ఇక్కడి షాపులోనే 1,150 డాలర్లు పెట్టి ఫోన్ కొన్నాను. ఇప్పుడు దానికి పదహారో నెల. రెండు వారాలుగా వైఫై పట్టినట్టే పట్టి వదిలేస్తోంది. బ్లూటూత్ అయితే ఆన్ కూడా అవడం లేదు. షాపుకి వెళితే 'వారంటీ ఏడాదే, అయిపోయింది, కంపెనీ వాళ్లతో మాట్లాడుకో' అన్నారు. రిపేరుకి 400 దాకా అవుతుందట. రూమ్మేట్స్ వదిలేయమంటున్నారు. కొత్తది కొనుక్కోవడమేనా?"

మెల్‌బోర్న్ శివారు టార్నీట్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది.

కొనకు తమ్ముడూ. 400 డాలర్లంటే నీకు రెండు వారాంతాల షిఫ్టులు. చదువుకుంటూ పక్షానికి 48 గంటలకు మించి పనిచేయకూడని వీసా మీద ఉన్నవాడివి, ఆ డబ్బు ఊరికే పోనివ్వకు. అలా పోగొట్టుకునేదాన్నే నేను కూడా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

2014లో నేను క్లేటన్‌లో ముగ్గురు అమ్మాయిలతో కలిసి అద్దెకుండేదాన్ని. నా ఫోన్‌కి పదిహేడో నెలలో సరిగ్గా ఇదే జబ్బు చేసింది. మొదట వైఫై ఆగి ఆగి వచ్చేది, తర్వాత ఆ బటనే బూడిద రంగులోకి మారిపోయి, ఎన్నిసార్లు నొక్కినా కదిలేది కాదు. కొన్న షాపులో కౌంటర్ దగ్గర కుర్రాడు బిల్లు మీద తేదీ చూసి, 'సారీ, వారంటీ అయిపోయింది' అన్నాడు. సరే అని వచ్చేశాను. రెండు నెలలు మొబైల్ డేటా మీదే నెట్టుకొచ్చాను. అమ్మతో వీడియో కాల్ కూడా లెక్క చూసుకుని మాట్లాడేదాన్ని. ఒకరోజు ఆఫీసులో భోజనాల వేళ ఈ సంగతి చెబితే, నా పక్కన కూర్చునే పెద్దావిడ ఫోర్క్ కింద పెట్టి, "వారంటీ గురించి నిన్నెవరు అడగమన్నారు? చట్టం గురించి అడుగు" అంది. మళ్లీ వెళ్లాను. ఈసారి మేనేజర్ని పిలవమన్నాను. ఫోన్ పరీక్షకు పంపారు, పన్నెండు రోజుల తర్వాత బోర్డులో లోపమని తేలింది. వేరే ఫోన్ ఇచ్చారు, నా దగ్గర పైసా తీసుకోలేదు. షాపు అదే, ఫోన్ అదే. నేను అడిగిన మాట ఒక్కటే మారింది.

కంపెనీ డబ్బాలో పెట్టి ఇచ్చే ఏడాది వారంటీ వాళ్లంతట వాళ్లు ఇచ్చే హామీ. దానికి గడువు పెట్టుకునే హక్కు వాళ్లకుంది. దానితో సంబంధం లేకుండా ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా అని ఒక చట్టం ఉంది, 2011 జనవరి 1 నుంచి దేశమంతటా ఒకేలా అమల్లో ఉంది. షాపు అమ్మిన వస్తువు 'యాక్సెప్టబుల్ క్వాలిటీ'తో ఉండాలని, అంటే లోపం లేకుండా, సురక్షితంగా, తగినంత కాలం మన్నేలా ఉండాలని అది చెబుతుంది. దీన్నే ఇక్కడ కన్స్యూమర్ గ్యారంటీ అంటారు. ఇది ఎవరూ కార్డు మీద రాసి ఇవ్వక్కర్లేదు, ఎవరూ తీసేయనూ లేరు. 'నో రిఫండ్' అని బోర్డు పెట్టడమే ఇక్కడ చట్టవిరుద్ధం.

'తగినంత కాలం' అంటే ఎన్నాళ్లు? చట్టంలో అంకె లేదు. షాపుల వాళ్లు ఆడుకునేది ఈ ఖాళీలోనే. ఆ ధర పెట్టి కొన్న ఆ రకం వస్తువు ఎంతకాలం పనిచేస్తుందని మామూలు మనిషి అనుకుంటాడో, అదే కొలత. 150 డాలర్ల ఫోన్ రెండేళ్లకు మొరాయిస్తే పెద్దగా వాదించలేం. 1,150 పెట్టిన ఫోన్ పదహారు నెలలకే వైఫై వదిలేస్తే, అది చాలా తక్కువ కాలమని నేను గట్టిగా అంటాను. అలాంటి ఫోన్లను 24 నెలలు, 36 నెలలు వాయిదాల మీద అమ్ముతున్నది ఈ కంపెనీలే. ముప్పై ఆరు నెలలు డబ్బు కట్టించుకునే వస్తువు పదహారు నెలలు పనిచేస్తే చాలని వాళ్లు ఎలా అనగలరు? ఈ ప్రశ్నే కౌంటర్ దగ్గర అడుగు, మర్యాదగా అడుగు.

ఇంట్లో ఆ ఫోన్ డబ్బా ఉంటే వారంటీ కాగితం తీసి చూడు. 'అవర్ గూడ్స్ కమ్ విత్ గ్యారంటీస్ దట్ కెనాట్ బి ఎక్స్‌క్లూడెడ్' అని మొదలయ్యే పేరా చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఇక్కడ అమ్మే వస్తువుకి వారంటీ కాగితం ఇస్తే అందులో ఆ పేరా వేసి తీరాలి. పెద్ద లోపమైతే మార్పిడో డబ్బు వాపసో పొందే హక్కు నీకుందని వాళ్ల కాగితమే చెబుతుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకో.

'కంపెనీతో మాట్లాడుకో' అన్నారు చూడు, అది అసలు చెల్లని మాట. నీకు అమ్మింది షాపు, నీకు జవాబు చెప్పాల్సింది షాపు. నిన్ను తయారీదారు దగ్గరికి తోసేసే హక్కు వాళ్లకు లేదు. నీకు ఇష్టమైతే నేరుగా తయారీదారుని కూడా అడగవచ్చు, కానీ ఎవరిని అడగాలో తేల్చుకునేది నువ్వు.

అయితే షాపుకి వెళ్లేముందు లోపం నిజంగా ఫోన్‌లోనే ఉందని నువ్వు రుజువు చేసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు తొందరపడేది ఇక్కడే. ఒక ఇంట్లో ఐదారుగురు ఉంటారు, మోడెమ్ ముందు గదిలో ఉంటుంది, వెనక గదిలో వాడికి సిగ్నల్ అందదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటి ఎక్కువ దూరం పోదు, 2.4 అయితే పోతుంది. కాబట్టి మోడెమ్ పక్కనే నిలబడి చూడు. అదే చోట రూమ్మేట్ ఫోన్‌లో ఎలా ఉందో చూడు. తర్వాత వేరే వైఫై మీద చూడు, మీ టార్నీట్‌లో జూలియా గిల్లార్డ్ లైబ్రరీ ఉంది కదా, అక్కడ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ కొట్టు. దాంతో వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోతాయి, అంతే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇ-సిమ్ కూడా చెరిపేయమంటారా అని అడుగుతుంది, ఆ గడిలో టిక్ పెట్టకు.

ఇంత చేసినా మారకపోతే లోపం ఫోన్‌దే. నీ విషయంలో నాకు పెద్ద అనుమానం లేదు. చాలా ఫోన్లలో వైఫైని, బ్లూటూత్‌ని నడిపేది ఒకే చిప్. రెండూ ఒకే సమయంలో చెడ్డాయంటే ఆ చిప్‌కో, బోర్డు మీద దాని అతుకులకో ఏదో అయిందని అర్థం. ఇలాంటివి తయారీలోనే వస్తాయనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఐఫోన్ 7లో కొన్నిటికి టవర్ సిగ్నల్ ఉన్నా 'నో సర్వీస్' అని వచ్చేది. మెయిన్ బోర్డులో ఒక భాగం పాడవడమే కారణమని 2018 ఫిబ్రవరిలో ఆపిల్ స్వయంగా ఒప్పుకుని కొన్ని దేశాల్లో ఉచితంగా బాగుచేసింది.

నీళ్లలో పడేసి ఉంటే, గట్టిగా కింద పడి ఉంటే మాత్రం ఈ చట్టం ఆదుకోదు. అలాంటిదేమైనా ఉంటే దాచకు. పరీక్షలో తెలిసిపోతుంది, ఆ తర్వాత నువ్వు చెప్పే మిగతా నిజాలను కూడా నమ్మరు.

మనవాళ్లు తరచు అడిగే ఇంకో ప్రశ్న: "బయట చిన్న షాపులో స్క్రీన్ మార్పించాను, ఇక హక్కు పోయినట్టేనా?" పోదు. వేరేవాళ్లు రిపేరు చేశారన్న ఒక్క కారణంతో పరిహారం లేదని ఆపిల్ కనీసం 275 మందికి చెప్పినందుకు, 2018 జూన్‌లో ఫెడరల్ కోర్టు 90 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కేసు పెట్టింది ఏసీసీసీ, అంటే ఇక్కడి వినియోగదారుల కమిషన్. ఆ చిన్న షాపతను స్క్రీన్ విప్పుతూ యాంటెన్నా తీగ తెంపి ఉంటే అది వేరే సంగతి, దానికి అతనే బాధ్యుడు.

ఇప్పుడు ఏం అడగాలో చెబుతాను. చట్టం లోపాలను రెండు రకాలుగా చూస్తుంది. 'మేజర్ ఫెయిల్యూర్' అయితే మార్పిడా, డబ్బు వాపసా అన్నది నువ్వే ఎంచుకోవచ్చు. ముందే తెలిస్తే ఎవరూ కొనని లోపం పెద్ద లోపమే. చిన్నదైతే షాపు ఉచితంగా బాగుచేసి ఇవ్వవచ్చు, కానీ తగిన సమయంలో చేయాలి. చేయలేకపోతే అప్పుడు నీ ఎంపికే. పదేపదే వచ్చే చిన్న లోపాలు కలిసి పెద్ద లోపం కింద లెక్కకు రావచ్చని కూడా చట్టంలో చేర్చారు. నా సలహా ఏమిటంటే, ఇది మేజర్ ఫెయిల్యూర్ అనే మొదలుపెట్టు. వాళ్లు ఉచిత రిపేరు అంటే ఒప్పుకో, కానీ ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించుకో. రిపేరుకి డబ్బు కట్టమంటే మాత్రం ఒప్పుకోకు. పరీక్ష ఫీజు అడిగితే, లోపం ఫోన్‌దని తేలాక తిరిగిస్తామని కాగితం మీద పెట్టమను.

ఆ కుర్రాడితో వాదించకు. అతను కూడా నీలాంటి స్టూడెంటే అయి ఉంటాడు, పైవాళ్లు నేర్పిన మాటే చెబుతాడు. మేనేజర్ని పిలవమను. ఈమెయిల్ కూడా పంపు: కొన్న తేదీ, ధర, లోపం ఎప్పుడు మొదలైంది, నువ్వు ఏయే పరీక్షలు చేశావు, ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా కింద ఏం కోరుతున్నావు, ఎప్పటిలోగా జవాబు కావాలి. పది లైన్లు చాలు. బిల్లు పోయిందా? బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ కూడా సాక్ష్యమే. డబ్బా అక్కర్లేదు.

జవాబు రాకపోతే మన విక్టోరియా రాష్ట్రంలో కన్స్యూమర్ అఫైర్స్ అనే ప్రభుత్వ ఆఫీసుకి ఫిర్యాదు చెయ్యి, సిడ్నీ వైపు వాళ్లకు అది ఫెయిర్ ట్రేడింగ్. ఆ తర్వాత మెట్టు వీక్యాట్, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే రాష్ట్ర ట్రిబ్యునల్, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో అయితే ఎన్‌క్యాట్. లాయర్ అక్కర్లేదు. ఫోన్ షాపులో కాకుండా సిమ్ ప్లాన్‌తో పాటు టెలికాం కంపెనీ దగ్గరే కొని ఉంటే, టెలికాం కంపెనీల మీద ఫిర్యాదులు చూసే టెలికమ్యూనికేషన్స్ ఇండస్ట్రీ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఏసీసీసీ నీ ఒక్కడి తగాదా తీర్చదు, కానీ అక్కడ కూడా సంగతి నమోదు చెయ్యి. 275 మంది కేసు లాంటివి ఫిర్యాదులు వస్తేనే బయటపడతాయి.

నువ్వు అడగలేదు గానీ, నీ మనసులో ఉండే ఉంటుంది: ఇదంతా చేస్తే వీసాకి ఏమైనా అవుతుందా అని. నాకూ అప్పట్లో అదే టెన్షన్. ఏమీ కాదు. కొన్న వస్తువు గురించి ఫిర్యాదు చేసినందుకు ఎవరి వీసా మీదా మచ్చ పడదు. పరాయి దేశంలో మనకెందుకులే అని సర్దుకుపోవడం మనకి ఇంట్లోనే అలవాటు చేస్తారు. ఇక్కడ పౌరుడికి ఎంత హక్కుందో, ఆ షాపులో నీ డబ్బుతో కొన్న నీకూ అంతే ఉంది.

మిగతా తమ్ముళ్లూ చెల్లెళ్ల కోసం రెండు మాటలు. ఇండియాలో కొని తెచ్చుకున్న ఫోన్‌కి ఈ చట్టం పనిచేయదు. దానికి అక్కడి 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. బిల్లు నాన్నగారి పేరు మీద ఉంటే ఆయన అక్కడి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగవచ్చు. పైగా ఇక్కడ ఇప్పుడు 3జీ లేదు. టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28 నుంచి ఆపేశాయి, వొడాఫోన్ అంతకుముందే ఆపేసింది. కాల్స్ అన్నీ 4జీ మీదే పోవాలి, అత్యవసర నంబర్ 000 కూడా. ఇండియాలో హాయిగా పలికిన ఫోన్ ఇక్కడి నెట్‌వర్క్ మీద 4జీ కాల్ చేయలేకపోవచ్చు. 000కి కాల్ కలపలేని ఫోన్‌ని కంపెనీలు నెట్‌వర్క్ నుంచే తీసేస్తాయి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే బ్యాండ్ 28 లేని ఫోన్ అయితే ఊరు దాటాక సిగ్నల్ సన్నబడుతుంది. వీటిలో ఏదీ ఫోన్ లోపం కిందికి రాదు, కాబట్టి విమానం ఎక్కేముందే మోడల్ నంబర్ చూసుకోండి. ఇక ఫేస్‌బుక్‌లో ఎవరి దగ్గరో కొన్న పాత ఫోన్‌కి యాక్సెప్టబుల్ క్వాలిటీ గ్యారంటీ ఉండదు. షాపులో కొన్న సెకండ్ హ్యాండ్‌కి ఉంటుంది, వయసునీ ధరనీ లెక్కలోకి తీసుకుంటారు.

తమ్ముడూ, ఫోన్ ఇచ్చేముందు ఒక జాగ్రత్త. అందులో ఇండియా సిమ్ ఉంటుంది, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. తీసి పాత ఫోన్లోనో, స్నేహితుడి ఫోన్లోనో వేసుకో. యూపీఐ యాప్‌లు ఆ సిమ్‌కీ ఆ ఫోన్‌కీ కలిపి ముడిపడి ఉంటాయి. ఫోన్ మారిస్తే ఇండియా నంబర్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి మళ్లీ నమోదు చేసుకోవాలి, రోమింగ్‌లో బ్యాలెన్స్ లేకపోతే అక్కడ ఆగిపోతావు. ఫీజు కట్టే వారంలో ఫోన్ ఇచ్చి రాకు. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకో, వైఫై నిలబడదు కాబట్టి కేబుల్‌తో లాప్‌టాప్‌లోకి దించు. ఆన్ అవని బ్లూటూత్ బటన్‌ని వేరే ఫోన్‌తో వీడియో తీసి పెట్టు, షాపులో ఇచ్చిన రోజు అది ఒక్కోసారి మామూలుగా పనిచేసి నీ నోరు మూయిస్తుంది. ఈమెయిల్ రాసి నాకు పంపు, షాపుకి పంపేముందు ఒకసారి చూస్తాను.