బీపీపీ-8 పిక్క నాటితే బీపీపీ-8 చెట్టు రాదు

ప్రశ్న: ఆరేళ్ల కిందట పక్క తోటలోని బీపీపీ-8 చెట్ల పిక్కలు తెచ్చి రెండెకరాల్లో జీడిమామిడి వేశాను. కొన్ని చెట్లు విరగకాస్తున్నాయి, కొన్నింటికి అర కిలో కూడా రావడం లేదు. పిక్క సైజూ ఒక్కో చెట్టుకు ఒక్కోలా ఉంది. మందుల షాపులో బోరాన్ లోపమంటే మూడుసార్లు టానిక్ కొట్టాను. ఇంకేం కొట్టాలి?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఏమీ కొట్టొద్దు. ఇది బోరాన్ లోపం కాదు. నేలలో లోపముంటే ఆ చుట్టుపక్కల చెట్లన్నింటిలో కనబడుతుంది. ఒకే వరసలో ఒకటి గుత్తులు గుత్తులుగా కాసి, పక్కది ఖాళీగా ఉందంటే తేడా పుట్టుకలోనే ఉంది.

బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రంలో 1వ నంబరు చెట్టును 39వ నంబరు చెట్టుతో సంకరపరిచి తయారుచేసిన రకం బీపీపీ-8. 1993లో విడుదలైంది. పిక్క 8 గ్రాములు దాటుతుంది, పప్పు 29 శాతం దాకా వస్తుంది. ఈ గుణాలు అంటు ద్వారానే మారకుండా వస్తాయి. జీడిమామిడిలో పరపరాగ సంపర్కం (ఒక చెట్టు పువ్వుకు మరో చెట్టు పుప్పొడి అంటడం) ఎక్కువ. పిక్క నాటితే తల్లి గుణాలే చెదిరిపోతాయి, ఇక తండ్రి చెట్టేదో ఆ పువ్వు మీద వాలిన ఈగకే తెలియాలి. టానిక్ అమ్మేవాళ్లు మొక్క అంటుదా, పిక్కదా అని ముందు అడగాలి. అడిగితే సీసా అమ్ముడుపోదు!

తోట తీసేయక్కర్లేదు. వచ్చే సీజన్‌లో చెట్టు చెట్టుకూ పిక్కలు విడిగా తూచి, కాయని వాటికి సున్నంతో గుర్తు పెట్టండి. కోతలయ్యాక జూన్‌లో వాటి మొదళ్లను నేల నుంచి ముప్పావు మీటరు ఎత్తులో కోయండి. లీటరు నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 గ్రాములు, క్లోరోపైరిఫాస్ 20 ఈసీ 10 మి.లీ. కలిపి కోసిన చోట, మొద్దంతటికీ అదే రోజు పూయండి. ఆలస్యమైతే కాండం తొలిచే పురుగు దిగుతుంది. 40–50 రోజులకు వచ్చే చిగుళ్లలో బలమైన వాటికి బీపీపీ-8 పుల్లలతో అంటు కట్టించండి. పూత రాని, 3–5 నెలల వయసు కొమ్మలనే పుల్లలకు తీసుకోవాలి. పుల్లలు కోయడానికి వారం ముందే వాటి ఆకులు కత్తిరించి, కాడలు ఉంచండి.

అంటు పట్టాక కట్టుకు కింద వచ్చే ప్రతి చిగురునూ గిల్లేయాలి. వదిలేస్తే పాత చెట్టే మళ్లీ లేస్తుంది. చాలా తోటల్లో అంటు పాడయ్యేది ఇక్కడే. లేత చిగుళ్లపై రసం పీల్చే టీ దోమ కనిపిస్తేనే లాంబ్డా సైహలోథ్రిన్ 5 ఈసీ లీటరుకు 0.6 మి.లీ. చొప్పున పిచికారీ చేయండి. ఖాళీల్లో కొత్తగా నాటాలంటే గుర్తింపు ఉన్న నర్సరీ అంటు మొక్కలే కొని, బిల్లు మీద రకం పేరు రాయించుకోండి.